అంగడి గడప: లూయీ బ్రెయిల్ స్మారకోపన్యాసము



నేడు జనవరి 4వ తేది, లూయీ బ్రెయిల్ జన్మదినము. 1809లో పారిస్ నగరమునకు సమీపముననున్న కూప్‌వ్రే గ్రామమున జీనులు కుట్టువాని యింట పుట్టి, మూడవ యేట తండ్రి పనిముట్లలోని ఆరె కంటికి గ్రుచ్చుకొనగా క్రమముగా రెండు కన్నులను గోల్పోయి, పదేండ్ల ప్రాయమున పారిస్‌లోని అంధబాలుర పాఠశాలలో చేరిన ఆ బాలుడు, పదునైదేండ్ల వయస్సున ఆరు చుక్కల లిపిని రూపొందించెను. ఆ పాఠశాలలో అంతకు ముందు పుస్తకములు లేకపోలేదు. సంస్థాపకుడగు వాలంటీన్ హాయ్ రోమను అక్షరములను ఉబ్బెత్తుగా అచ్చువేయించి పిల్లలకు చదువు నేర్పించియుండెను. అది సామాన్యమైన ఉపకారము కాదు. కాని ఆ అక్షరములు కంటికొరకు పుట్టినవి. వాని వంపులను వ్రేలితో తడవి తడవి గుర్తుపట్టుటకు ఎంతయో కాలము పట్టెడిది. చదివినవాడు తిరిగి తన చేతితో వ్రాసికొనుటకు సులువైన దారి లేకుండెను. షార్ల్ బార్బియే కల్పించిన పండ్రెండు చుక్కల లిపినుండి సూచన గ్రహించి, ఒక్క వ్రేలికొన క్రింద ఇముడునట్లు ఆరు చుక్కలకు దానిని కుదించుటలో బ్రెయిల్ ప్రతిభ యున్నది. చూచువారి వస్తువును చూడలేనివారి చేతిలో పెట్టినంతమాత్రమున అది వారిదగునా, లేక వారి యింద్రియమునకు తగిన రీతిని దానిని నిర్మింపవలెనా అను ప్రశ్నకు ఆ బాలుడు 1824లో సమాధానము చెప్పినాడు. రెండువందల యేండ్ల తరువాత ఆ ప్రశ్నయే మన చేతిలోని ఫోనులో, మనము ఉప్పుపప్పులు కొను యాప్‌లో తిరిగి తలయెత్తినది. కావుననే, దృష్టిలేనివారికి దారి యియ్యని అంగడి యాప్‌లు చట్టమునెదుట ఎట్లు నిలువవలసివచ్చునో ఈ స్మరణదినమున మీతో విచారింపదలచితిని.

నా వద్ద న్యాయశాస్త్రము చదివి నేడు న్యాయవాదవృత్తిలో స్థిరపడిన యువకుడొకడు కలడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. తెరపైనున్నదానిని చదివి వినిపించు స్క్రీన్ రీడర్ అను సాధనము, ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అనియు ఐఫోనులో వాయిస్‌ఓవర్ అనియు పేరుగలది, అతనికి కన్నువంటిది. తెరపై వ్రేలు జరిపినకొలది అది ఒక్కొక్క అంశమును పలుకును. రెండుమారులు తట్టినచో ఆ అంశము తెరచుకొనును. ఒకనాటి సాయంకాలము మా యింట కూర్చుండి అతడొక సరుకుల యాప్‌లో కందిపప్పు కొనబోయెను. నేను ప్రక్కన వినుచుంటిని. వెదకు పెట్టెలో కందిపప్పు అని పలికినంతవరకు అంతయు సవ్యముగనే సాగెను. అటుపిమ్మట ఆ గొంతు "పేరులేని బటన్, పేరులేని బటన్, పేరులేని బటన్" అని యేకరువు పెట్టసాగెను. వానిలో నొకటి సరుకును బుట్టలో వేయునది, ఒకటి తీసివేయునది, మఱియొకటి ఎవరి ప్రకటనకో దారితీయునది. ఏది యేదియో తెలియదు. ధర బొమ్మలో అచ్చయి యుండుటచేత గొంతు దానిని చదువలేదు. తగ్గింపులు చాటు పట్టీ యొకటి తనంత తాను కదలుచు, అతని వ్రేలు నిలిచినచోటినుండి అతనిని మాటిమాటికి త్రోసివేయుచుండెను. ఇన్నియు దాటి చివరకు రాగా, పటముమీది గుర్తును లాగి మీ యింటిపై నిలుపుడని యాప్ అడిగెను. అతడు ఫోను బల్లమీద పెట్టి, కోపము లేని గొంతుతో, "కొట్టులోకి రానిచ్చారు మాస్టారూ, కానీ బల్ల మీద ఏముందో చెప్పేవాడు లేడు, డబ్బు ఎవరి చేతిలో పెట్టాలో తెలియదు" అనెను.

ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. ఏలయన, మా చిన్ననాటి కిరాణాకొట్టులో అంధునికి ఈ యిబ్బంది లేదు. కొట్టుపెద్ద వీసె ధర నోటితో చెప్పెడివాడు, బెల్లపుదిమ్మ చేతికిచ్చెడివాడు, కందులు పాతవో క్రొత్తవో గుప్పిట పట్టి చూచికొను వీలుండెను. లోకము ముందునకు పోవుచున్నదని మనము సంతోషించు కాలమున, ఆ కొట్టు గడపకంటె ఫోనులోని గడప యొక వర్గమువారికి ఎత్తైపోయినది. 2011 జనాభా లెక్కలలో దేశమున నమోదైన 2 కోట్ల 68 లక్షల దివ్యాంగులలో చూపునకు సంబంధించిన లోపము గలవారు 50 లక్షలకు పైబడినారు. వీరుగాక, శుక్లములు కమ్మిన కన్నులతో, వెలిసిన బూడిదరంగు అక్షరములను పోల్చుకొనలేక మనుమలను పిలుచు వృద్ధులు ప్రతి యింటను కలరు.

ఇక చట్టమునకు వత్తము. మన రాజ్యాంగమున అంగడి అను మాట యొకచోట ప్రత్యేకముగా కానవచ్చును. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అను కారణములచేత అంగళ్లకును భోజనశాలలకును పోవుటలో ఏ పౌరునికిని ఆటంకము కల్పింపరాదని 15వ అధికరణము రెండవ ఖండము శాసించుచున్నది. ప్రాథమిక హక్కులలో పెక్కు ప్రభుత్వమును ఉద్దేశించి పలుకునవి కాగా, ఇది దుకాణదారును గూడ ఉద్దేశించి పలుకుచున్నది. 1948 నవంబరు 29వ తేదిని రాజ్యాంగసభలో ఈ నిబంధనపై చర్చ వచ్చినప్పుడు, ఇందలి అంగడి యను పదము లోపలికి అడుగుపెట్టుట అను సంకుచితార్థమున వాడినది కాదనియు, సేవకు విధించిన షరతులకు ఒప్పుకొన్నవానికి ఆ సేవను చేయవలెనను విశాలార్థమున వాడినదనియు డాక్టరు అంబేద్కర్ వివరించెను. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ వివరణమునే ఆధారము చేసికొని, ప్రైవేటు విద్యాసంస్థలకు గూడ ఈ నిబంధనను అన్వయించినది. నా శిష్యుడు పలికిన మాటకును, 1948లో రాజ్యాంగసభలో వినిపించిన మాటకును గల సామ్యమును గమనింపుడు. లోపలికి రానిచ్చుట వేఱు, సేవ చేయుట వేఱు.

అయితే ఆ యైదు కారణముల జాబితాలో అంగవైకల్యము లేదు. ఆ వెలితిని పార్లమెంటు చాల ఆలస్యముగా పూరించినది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశము 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. దానిననుసరించి 2016లో దివ్యాంగుల హక్కుల చట్టమును చేసి, 2017 ఏప్రిల్ 19నుండి అమలునకు తెచ్చినది. ఈ చట్టము వివక్షకిచ్చిన నిర్వచనమును వ్యాపారులందఱును ఒక్కమారైనను చదువవలెనని నా మనవి. ఒక భేదమో బహిష్కారమో నియంత్రణమో హక్కును చెరుపు ఉద్దేశముతో చేసినను, ఉద్దేశము లేకయే అట్టి ఫలితమును కలిగించినను, రెండును వివక్షయే. "మేము కావలెనని చేయలేదు" అను సమాధానమునకు ఇక్కడ చోటు లేదు. తగిన సౌకర్యమును నిరాకరించుట సైతము వివక్షయే. 46వ సెక్షన్ ప్రభుత్వమనియు ప్రైవేటనియు భేదము పాటింపక, సేవలందించువారందఱును కేంద్రము విధించు ప్రమాణముల ననుసరించి, ఆ నియమములు ప్రకటితమైన రెండేండ్లలోగా, దివ్యాంగులకు అందునట్లు సేవలను సవరించుకొనవలెనని చెప్పుచున్నది. 89వ సెక్షన్ ఉల్లంఘనమునకు మొదటిమారు 10,000 రూపాయల వరకును, మఱల ఉల్లంఘించినచో 50,000 రూపాయలకు తగ్గక 5 లక్షల వరకును జరిమానా విధించుచున్నది.

ఈ శాసనమునకు పదును పెట్టిన తీర్పు 2024 నవంబరు 8వ తేదిని వెలువడినది. దృష్టిలోపము గల రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యమది. అందుబాటు ప్రమాణముల అమలు దేశమున ఎట్లున్నదో పరిశీలించి నివేదిక యిమ్మని సుప్రీంకోర్టు మన హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమును ఆదేశించినది. ఆ నివేదికను ఆధారము చేసికొని, 2017 నాటి నియమములలో 15వ నియమము మొదటి భాగము కేవలము సలహాల కూర్పుగా నున్నదనియు, తప్పక పాటింపవలసిన కనీస ప్రమాణములను మూలచట్టము కోరుచుండగా నియమము వానిని సలహాల స్థాయికి దింపుట చట్టవిరుద్ధమనియు తీర్పు చెప్పి, మూడు మాసములలో అనుల్లంఘనీయములగు నియమములను రూపొందింపుమని కేంద్రమును ఆజ్ఞాపించినది. అంతవరకు వ్యాపారులకు సలహాయని తోచినది ఆ దినమునుండి విధియగు దారి పట్టినది. ఈ తీర్పునకు మూలమైన పరిశోధన మన తెలుగునేలమీద జరిగినదని చెప్పుకొనుట నాకు గర్వకారణము. ఆ హైదరాబాదు నగరమునందే ప్రపంచమునకంతకును యాప్‌లు వ్రాయు వేలకొలది యువతీయువకులు పనిచేయుచున్నారని గుర్తుచేయుట నా బాధ్యత.

తరువాత ఆరు నెలలైనను గడువకమున్నే, 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడికి గురియైన ప్రజ్ఞా ప్రసూన్ మొదలగువారును, దృష్టిలేని న్యాయవాది అమర్ జైనును వేసిన వ్యాజ్యములలో సుప్రీంకోర్టు మఱియొక మెట్టు పైకెక్కినది. ఖాతాదారు గుర్తింపును నిర్ధారించుటకు కెమెరా యెదుట కనురెప్పలార్పుమను డిజిటల్ కేవైసీ పద్ధతి రెప్పలు లేనివారిని, చూపు లేనివారిని బ్యాంకుఖాతానుండియు ఫోను కనెక్షన్‌నుండియు దూరము చేయుచున్నదని గ్రహించి, డిజిటల్ సౌకర్యమును పొందుట 21వ అధికరణము చెప్పు జీవనహక్కులో అంతర్భాగమని ప్రకటించి, ఇరువది ఆదేశములిచ్చినది. అంతకుముందే, 2022లో, వైద్యుల దర్శనమునకు వేళ కుదుర్చు ఒక యాప్‌పై దృష్టిలేని న్యాయవాది చేసిన ఫిర్యాదులో దివ్యాంగుల ముఖ్య కమిషనర్ ఈ చట్టము ప్రైవేటు సంస్థలను గూడ బంధించునని నిర్ణయించినారు. 2023లో పఠాన్ చిత్రము విషయమున ఢిల్లీ హైకోర్టు నిర్మాతలనే దృష్టిలేనివారికై వర్ణనాత్మక శబ్దమును సమకూర్చుడని ఆదేశించినది. ఈ తీర్పులన్నియు ఒకే దిక్కున నడచుచున్నవి.

వినియోగదారుల చట్టము సైతము ఈ గడపయొద్ద నిలుచుండియే యున్నది. 2020 నాటి ఈ-కామర్స్ నియమములు వస్తువు, విక్రేత, వాపసు, ఫిర్యాదు వివరములను స్పష్టముగను అందుబాటులోను ఉంచవలెనని చెప్పుచున్నవి. ఫిర్యాదును 48 గంటలలో అందుకొన్నట్లు తెలిపి, నెలదినములలో పరిష్కరింపవలెనని విధించుచున్నవి. ధరను బొమ్మలో దాచినవాడు స్పష్టముగా చెప్పినవాడగునా? 2023లో డార్క్ ప్యాటర్నులని పేరుపడిన పదుమూడు రకముల మాయోపాయములను ప్రభుత్వము నిషేధించినది. కొనువానికి తెలియకుండ బుట్టలో వస్తువు చేర్చుట అందులోనొకటి. చూచువాని కన్ను ఆ మాయను పసిగట్టవచ్చును. పేరులేని బటన్‌ల నడుమ తడవుకొనువానికి దానిని పసిగట్టు ఉపాయమే లేదు. ఇంకొక లోతైన చిక్కును నా స్వంత అభిప్రాయముగా చెప్పుచున్నాను. ఒకే విషయమును ఒకే అర్థమున ఇద్దఱును అంగీకరించినప్పుడే సమ్మతి యేర్పడునని 1872 నాటి ఒప్పందముల చట్టము 13వ సెక్షన్ చెప్పుచుండగా, షరతులను ఏ సాధనముచేతను చదువనియ్యక "అంగీకరించుచున్నాను" అను గడిని మాత్రము తట్టించుకొన్న ఒప్పందమున సమ్మతి యెంతవఱకు సమ్మతి యగును? ఈ ప్రశ్న న్యాయస్థానమున నేడో రేపో వినిపింపక మానదు.

పరదేశముల అనుభవమును గూడ తడవుట అవసరము. అమెరికాలో 1990 నాటి దివ్యాంగుల చట్టము వెలసినప్పుడు అంతర్జాలపు అంగళ్లు లేవు. 2006లో అంధుల జాతీయ సమాఖ్య టార్గెట్ సంస్థపై కాలిఫోర్నియాలో వేసిన దావాలో, దుకాణముతో ముడివడిన వెబ్‌సైటు ఆ చట్టము పరిధిలోనికి వచ్చునని న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ నిర్ణయించగా, 2008లో ఆ సంస్థ 60 లక్షల డాలర్ల పరిహారనిధితో రాజీపడినది. డామినోస్ యాప్‌లో తనకు నచ్చిన పిజ్జాను కోరుకొనలేకపోయిన గియెర్మో రోబ్లెస్ వాదమును 2019 జనవరిలో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఆమోదింపగా, ఆ యేడు అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు సంస్థ విన్నపమును స్వీకరించుటకే నిరాకరించినది. అయితే అన్ని న్యాయస్థానములు ఒకే త్రోవను నడువలేదనుట సత్యము: విన్-డిక్సీ కిరాణా వ్యాజ్యమున 2021లో పదునొకండవ సర్క్యూట్ అంధునికి విరుద్ధముగ తీర్పు చెప్పి, తిరిగి అదే యేట ఆ తీర్పును తానే రద్దుచేసికొన్నది. ఈ అస్పష్టతను ఆసరాగా గొని అక్కడ వేలకొలది దావాలు పుట్టుకొనివచ్చినవి. వానిలో కొన్ని ధనాశచేత వేసినవని వ్యాపారులు వాపోవుచున్నారు. ఆ దుస్థితికి మందు చట్టమును సడలించుట కాదు, ప్రమాణమును స్పష్టముచేయుట. ఆస్ట్రేలియాలో గిసెల్ మెనాజ్ అను అంధమహిళ తన యింటి సరుకులు కొనుటకు వీలులేని కోల్స్ వెబ్‌సైటుపై పోరాడి 2015లో రాజీ సాధించినది. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన అందుబాటు శాసనము 2025 జూన్ 28నుండి ఈ-కామర్స్ సేవలకు వర్తించుచున్నది. ఐరోపాలో అమ్మదలచిన సంస్థ హైదరాబాదులో యాప్ కట్టినను, కాకినాడలో కట్టినను, ఈ శాసనము దానివెంట నడచును.

వ్యాపారులు చెప్పు అభ్యంతరములను నేను తేలికగా చూచువాడను కాను. ఖర్చగుననుట మొదటిది. గోడ కట్టునప్పుడే వాకిలి వదలుటకును, కట్టిన గోడను పగులగొట్టి వాకిలి పెట్టుటకును గల తేడా ప్రతి మేస్త్రికిని తెలియును. బటన్‌కు పేరు పెట్టుటకు దానిని వ్రాయు క్షణమున ఒక పంక్తి చాలును. వేల పుటలు కట్టిన పిదప వెదకి పెట్టుటకు మాసములు పట్టును. న్యాయస్థానము గడువు విధించినపుడు పెట్టుట అన్నిటికంటె ఖరీదైనది. దృష్టిలేనివారు స్వల్పసంఖ్యాకులనుట రెండవది. హక్కును తలలు లెక్కించి నిర్ణయింతుమేని రాజ్యాంగముతో పనియేమి? ఫోనుచేసి చెప్పినచో సరుకు పంపుదుమనుట మూడవది. ఇది దయగా కనిపించును గాని, ముంగిటి ద్వారము మూసి పెరటిదారి చూపుటయే. తగ్గింపులు, సరిపోల్చుకొను వీలు, రేయింబవళ్లు తెరచియుండుట మొదలగు సదుపాయములన్నియు ముంగిటికే కలవు. 10,000 రూపాయల జరిమానా ఒక పెద్ద సంస్థకు లెక్కలోనిది కాదనుకొనువారికి నేను చెప్పునది యిది: అసలు ప్రమాదము ఆ అంకెలో లేదు. ఫిర్యాదు తరువాత ఫిర్యాదునకు సమాధానము చెప్పుకొనుట, ఆడిట్‌నకు లోనగుట, పరదేశపు విపణినుండి వెలియగుట, అన్నిటికి మించి మా యంగడిలో వీరికి చోటు లేదను మాటను బహిరంగ న్యాయస్థానమున తన వకీలు నోట పలికింపవలసి వచ్చుట, ఇవి ఆ ప్రమాదము.

చేయవలసిన పని దుర్గ్రాహ్యము కాదు. వెబ్ రచనకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకములు 1999నుండి ఉన్నవి; భారతీయ ప్రమాణముల సంస్థ ఐఎస్ 17802 అను ప్రమాణమును మనకు సమకూర్చినది. ప్రతి బటన్‌కు పేరు, ప్రతి బొమ్మకు వర్ణన, సామాన్యమైన అక్షరమునకును దాని వెనుకటి రంగునకును కనీసము 4.5కు 1 వంతున తేడా, కదలు పట్టీని ఆపు వీలు, పటమునకు బదులు చిరునామా వ్రాయు పెట్టె: ఇవి మొదటి మెట్లు. అన్నిటికంటె ముఖ్యముగ, దృష్టిలేనివారినే జీతమిచ్చి పరీక్షకులుగా నియమింపవలెను; ప్రతి క్రొత్త కూర్పు వెలువడుటకు ముందు వారి పరీక్షను దాటింపవలెను. నిన్న తెరచియుండిన ద్వారము నేటి అప్‌డేట్‌తో మూతపడుట నేను కన్నులార చూచితిని. తెలుగు సంగతి మఱవరాదు: తెలుగులో నడుచు యాప్‌లో బొమ్మల వర్ణనలు గూడ తెలుగులోనే యుండవలెను, లేనిచో అది సగము తెరచిన తలుపే.

ఒకమాట చెప్పి ముగింతును. స్వయముగ కొనుటలో సరుకుకంటె విలువైనది యొకటి కలదు, అది ఏకాంతము. తన మందును, తన లోదుస్తులను, తన వారికి తాను ఇయ్యదలచిన కానుకను ఇంకొకరి కంటితో చూచి, ఇంకొకరి నోటితో అడిగి కొనవలసినవానికి రహస్యమనునది లేదు. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమున గోప్యతను ప్రాథమికహక్కుగా ప్రకటించినది. ఆ హక్కు అంధునికి పేరులేని బటన్‌యొద్ద ఆగిపోవుచున్నది.

లూయీ బ్రెయిల్ 1852 జనవరి 6న కన్నుమూసెను. ఆయన లిపిని ఫ్రాన్సు అధికారికముగ స్వీకరించినది 1854లో. న్యాయము ఆయనకు రెండేండ్లు ఆలసించినది. మన కాలమున అట్టి ఆలస్యమునకు కారణము కానరాదు. ప్రమాణము సిద్ధముగ నున్నది, తీర్పు సిద్ధముగ నున్నది, సాధనము ప్రతివాని జేబులో నున్నది.

నా శిష్యుడు గత సంక్రాంతికి ముందు వేఱొక యాప్‌లో తల్లికి చీర కొన్నాడు. ఆ యాప్‌ను కట్టినవారెవరో ప్రతి బొమ్మ క్రింద ఓపికగా వర్ణన వ్రాసియుంచిరి. ఆ గొంతు అతనికి "పసుపు రంగు, ఎఱ్ఱటి అంచు, మంగళగిరి నేత" అని చదివి చెప్పినది. చీర యిల్లు చేరిన దినమున తల్లి దానిని విప్పి చూచి, "ఎవరు చూసి కొన్నార్రా?" అని అడిగినదట. "నేనేనమ్మా" అని చెప్పితినని అతడు నాకు ఫోను చేసి తెలిపెను. ఆ రెండు మాటలు పలుకగలుగుటయే ఈ చట్టములన్నిటి ప్రయోజనము.